చస్తే సాయం, బతికితే కేసు

2004 జూన్ 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. నంబరు 421. మా అనంతపురం జిల్లా పల్లెల్లో అక్షరం ముక్క రాని అవ్వకి కూడా ఆ నంబరు తెలుసు. అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయలిస్తారు. లక్ష చేతికి, యాభై వేలు అప్పులవాళ్లతో ఒకేసారి తెంపుకోవడానికి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ ఏడీ ముగ్గురూ ఊరికొచ్చి విచారించి, ఇది నిజంగా రైతు ఆత్మహత్యే అని తేలిస్తే ఆ డబ్బు మంజూరవుతుంది. తర్వాత ఆ సాయం 2015లో ఐదు లక్షలయింది, 2019లో ఏడు లక్షలయింది.

మరి అదే రైతు బతికితే? ఎవరో చూసి ఆటోలో వేసుకొచ్చి, డాక్టర్లు తంటాలు పడి, నాలుగు రోజుల తర్వాత ఆయన కళ్లు తెరిస్తే? అప్పుడు మంచం దగ్గరికి వచ్చేది ఆ ముగ్గురు ఆఫీసర్లు కాదు. చేతిలో పుస్తకం పట్టుకుని కానిస్టేబుల్ వచ్చేవాడు. భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్: ఆత్మహత్యకు ప్రయత్నించినవాడికి ఏడాది దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే మనిషి, అదే అప్పు, అదే ప్రభుత్వం. చచ్చిపోతే బాధితుడు, బతికితే ముద్దాయి.

ఈ చట్టం 1860 నాటిది. మొన్న మొన్న, 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చేదాకా పుస్తకంలోనే ఉంది. 2018 నుంచి కోరలు తీసిన పాములా ఉన్నా, ఉండటమైతే ఉంది. కొత్త చట్టంలో అది పోయింది. పోతూ పోతూ ఒక తోకను వదిలి పోయింది. దాని సంగతి కూడా మాట్లాడుకుందాం. అసలు ప్రశ్న మాత్రం ఇంకాస్త పెద్దది. ఒక పని తప్పు కావచ్చు, పాపం కావచ్చు, పిచ్చితనం కావచ్చు. ఎక్కడ దాకా వస్తే దాన్ని సర్కారు నేరం అనొచ్చు?

సగటు వాన ఎవరి పొలంలో కురుస్తుంది?

గార్లదిన్నె తెలియనివాళ్లకు రెండు మాటలు. అనంతపురం నుంచి గుత్తి వైపు హైవే మీద పోతుంటే తగిలే మండల కేంద్రం. రైల్వే స్టేషనుంది కానీ పెద్ద రైళ్లలో పోయేవాళ్లకు మేం కిటికీలోంచి కనిపించే ఒక బోర్డు మాత్రమే. మా మండలంలోనే, పెనకచెర్ల దగ్గర, పెన్న మీద మిడ్ పెన్నార్ డ్యాం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు దాంట్లోకి వస్తాయి. ఆ నీళ్లందే చోట వరి. అందని చోట చెనిక్కాయ, లేదంటే బోరు కింద చీనీ తోట. ఒకే మండలంలో రెండు దేశాలున్నట్టు ఉంటుంది.

జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు అని లెక్క. ఆ సగటు వాన ఏ రైతు పొలంలోనూ కురవగా నేను చూడలేదు. ఒక ఏడు అంతా ఒకేసారి కుమ్మరించి పోతుంది. ఇంకో ఏడు విత్తనం పడేదాకా ఊరించి, ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. వాన లేకపోతే బోరు. మొదటిది పడకపోతే రెండోది. రెండోదీ పడకపోతే పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మూడోది. జూదంలో పోగొట్టుకున్నవాడు ఇంకో ఆట ఆడినట్టే ఇదీ. కాకపోతే జూదరికి ఆట మానేసే వీలుంటుంది, భూమి ఉన్నవాడికి అదీ లేదు.

మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు. పేరూ ఊరూ వద్దు. నాకు చిన్నాయన వరస. చీనీ తోట పెట్టాడు. చెట్లు కాపుకొచ్చే ఏడాదికి బోరు ఎండింది. ట్యాంకర్లతో నీళ్లు తోలి రెండేండ్లు చెట్లను బతికించాడు. మూడో ఏడు ట్యాంకరు వాడికి డబ్బివ్వలేక తోట కొట్టేసి కట్టెలకు అమ్మాడు. ఆ సాయంత్రమే జరిగింది. ఎలా అన్నది ఇక్కడ అక్కర్లేదు. పక్క పొలం పిల్లగాడు చూడబట్టి బతికాడు.

ఇదంతా చాలా ఏండ్ల కిందటి మాట. కేసు రాసుకోవడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ చెడ్డవాడు కాదు. ఆ మాట మా చిన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది. "అమ్మా, ఆస్పత్రి నుంచి కాగితం వచ్చినాంక నేను రాసుకోకుంటే నా ఉజ్జోగం పోతాది. కడుపునొప్పికి మందనుకొని తాగినాడని చెప్పుకోండి, అయిపోతాది" అని ఆయనే దారి చూపించాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. "అప్పులకు తాళలేక తాగినా సార్. కడుపునొప్పి యాడిది నాకు?" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే ఇంటికి పోయేవాడు. నిజం చెప్పాడు కాబట్టి కేసయింది.

ఏడాదిన్నర కోర్టు చుట్టూ తిరిగాడు. పొద్దున బస్సెక్కితే సాయంత్రం దాకా కోర్టు వరండాలో. ఆ రోజు కూలి పోయినట్టే. ఒక్కోసారి పిలుపు రాకుండానే వాయిదా పడేది. చివరికి వకీలు, తప్పు ఒప్పుకుంటే జరిమానాతో పోతుందన్నాడు. ఒప్పుకున్నాడు. "ఏం తప్పు చేసినావని అడిగినారు నాయనా. ఏం చెప్పాల్నో తెలీలేదు. అవునన్నా" అని తర్వాత నాతో చెప్పాడు. ఆ జరిమానా డబ్బు కూడా వడ్డీకే తెచ్చాడు.

'కడుపునొప్పి తాళలేక...'

పత్రికలు చదివే ప్రతి తెలుగువాడికీ ఈ వాక్యం తెలుసు. జిల్లా పేజీలో ఒక మూల, నాలుగు లైన్లు. కడుపునొప్పి తాళలేక ఫలానా గ్రామానికి చెందిన వ్యక్తి ఆత్మహత్యాయత్నం. నేను కొన్నేళ్లు విలేకరిగా పనిచేశాను. ఆ వాక్యం స్టేషన్ నుంచి ఎలా వస్తుందో, వెనక ఏముంటుందో ఆ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. ఒకచోట వడ్డీ వ్యాపారి ఉంటాడు. ఒకచోట తాగొచ్చి కొట్టే మొగుడుంటాడు. ఒకచోట పరీక్ష తప్పిన పిల్ల ఉంటుంది. అందరికీ కడుపునొప్పే. ఇంత పెద్ద రాష్ట్రంలో ఇన్ని కడుపునొప్పులు ఎందుకొచ్చాయని వైద్యశాఖ ఎప్పుడూ కంగారు పడలేదు, ఎందుకంటే అవి కడుపునొప్పులు కావని అందరికీ తెలుసు.

ఇది నవ్వులాటగా చెప్పే విషయం కాదు. విషం లోపలికి పోయిన మనిషికి ఏ విషమో తెలిస్తేనే సరైన విరుగుడు. పోలీసు కేసుకు భయపడి ఇంటివాళ్లు ఏం తాగాడో దాచిపెడితే డాక్టరు చీకట్లో చెయ్యి పెట్టాలి. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు 'ఇది పోలీసు కేసు, పెద్దాసుపత్రికి పోండి' అని గడప దగ్గరే తిప్పి పంపేవి. మా గార్లదిన్నె లాంటి చోటి నుంచి పెద్దాసుపత్రి అంటే అనంతపురమే. విషం విషయంలో గంట అంటే చాలా పెద్ద కాలం. ప్రాణాలు కాపాడటానికని పెట్టిన సెక్షన్, ప్రాణం నిలబడాల్సిన ఆ గంటనే తినేసింది.

ఆడవాళ్ల విషయంలో ఇంకా ఘోరం. కాలిన గాయాలతో వచ్చిన కోడలు 'స్టవ్ పేలింది' అంటుంది. ఆమె నోట ఆ మాట పెట్టింది ఎవరు? 'నీ అంతట నువ్వే చేసుకున్నావని చెప్పావనుకో, కేసు నీ మీదే పడుతుంది' అని బెదిరించడానికి అత్తింటివాళ్లకు 309 ఎంత బాగా పనికొచ్చిందో!

దొరల చట్టం, దొరలే వదిలేశారు

ఇంగ్లండులో ఒకప్పుడు ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని నాలుగు దారుల కూడలిలో పూడ్చేవారు. ఆస్తి రాజుగారు జప్తు చేసుకునేవాడు. పెళ్లాం పిల్లలు వీధిన పడేవాళ్లు. కూడలిలో పూడ్చే ఆచారాన్ని 1823లో మానుకున్నారు. జప్తును 1870లో ఎత్తేశారు. బతికి బయటపడినవాణ్ని నేరస్తుడనడం మాత్రం 1961 దాకా సాగింది. ఆ ఏడాది చట్టం తెచ్చి దాన్నీ తీసేశారు. అంటే మనకు ఆ చట్టం అంటగట్టినవాళ్లు మనకంటే అరవై ఏళ్ల ముందే దాన్ని వదిలించుకున్నారు. మెకాలే ముసాయిదా సంతతి దేశాలూ ఒక్కొక్కటిగా వదిలాయి. శ్రీలంక 1998లో, సింగపూర్ 2020లో, పాకిస్తాన్ 2022లో, మలేసియా 2023లో.

ఇక్కడో చిన్న పిట్టకథ. మన శిక్షాస్మృతి 1860లో చట్టమైంది. సరిగ్గా దానికి ఏడాది ముందు, 1859లో, లండన్‌లో జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి ఒక పుస్తకం వేశాడు. ఒక మనిషి మీద ప్రభుత్వం బలప్రయోగం చేయాలంటే ఒక్కటే కారణం ఉండాలి, అతను పక్కవాడికి హాని చేయకుండా ఆపడం. అతని సొంత మంచి కోసమని అతన్ని శిక్షించే హక్కు ఎవరికీ లేదన్నది ఆయన వాదన. ఇంతకీ ఈ మిల్ దొరగారు ముప్పై అయిదేళ్లపాటు ఈస్టిండియా కంపెనీ లండన్ ఆఫీసులో జీతం తీసుకున్నవాడే. అదే పుస్తకంలో, ఈ సూత్రం నాగరికత రాని జాతులకు వర్తించదని కూడా రాశాడు. మనం ఏ లెక్కలోకి వస్తామో విడిగా చెప్పాల్సిన పనిలేదు.

మిల్ మాట పూర్తిగా సరిపోతుందని నేననను. హెల్మెట్ పెట్టుకోకపోతే జరిమానా వేయడం నాకు తప్పుగా కనిపించదు. పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేస్తే నేరమనడమూ సబబే. కాబట్టి 'నా బతుకు నా ఇష్టం' అన్న ఒక్క మాటతో ఈ లెక్క తెగదు. చనిపోవాలనుకున్న మనిషిని ఆపాలి. బలవంతంగానైనా ఆపాలి. అందులో నాకు రెండో మాట లేదు. ఆ క్షణం దాటించి బతికించినవాళ్లలో ఎంతోమంది మళ్లీ ఆ వైపు చూడరు. మా చిన్నాయన మనవళ్లను బడికి తీసుకుపోతున్నాడు ఇప్పుడు. కానీ ఆపడం వేరు, శిక్షించడం వేరు. బావిలో పడినవాణ్ని పైకి లాగడానికి ఫైరింజను వాళ్లకు 'ఇతను నేరస్తుడు' అన్న కాగితం అక్కర్లేదు కదా.

శిక్ష దేనికి వేస్తాం? ఇంకొకడు ఆ పని చేయకుండా భయపెట్టడానికి. చావుకే సిద్ధపడినవాణ్ని ఏడాది జైలు భయపెడుతుందా? ఒకవేళ భయపెడితే ఎలా భయపెడుతుంది? గురి తప్పితే జైలు, తప్పకపోతే ఏమీ లేదు అన్న చట్టం మనిషికి ఏం చెబుతున్నట్టు? పని సగంలో వదలొద్దని చెబుతున్నట్టు. ఇంత తలకిందులు సెక్షన్ శిక్షాస్మృతిలో ఇంకోటి కనపడదు నాకు. ఏ నేరమైనా పూర్తి చేసినవాడికి ఎక్కువ, ప్రయత్నించి వదిలినవాడికి తక్కువ. ఇక్కడ మాత్రం ప్రయత్నమే నేరం, పూర్తయితే నేరస్తుడే ఉండడు.

కోర్టుల్లో దోబూచులాట

మన న్యాయస్థానాలు దీన్ని ముందే పసిగట్టాయి. 1985లో ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజిందర్ సచార్ ఈ సెక్షన్‌ను గట్టిగా తప్పుబట్టారు. 1986లో బాంబే హైకోర్టు ఏకంగా కొట్టేసింది. ఆ కేసులో ముద్దాయి ఎవరో తెలుసా? ఒక పోలీసు కానిస్టేబుల్. రోడ్డు ప్రమాదం తర్వాత మానసికంగా దెబ్బతిన్నవాడు. మునిసిపల్ ఆఫీసు ముందు ప్రాణం తీసుకోబోయాడు. కేసు రాసే చేతికే కేసు తగిలిందన్నమాట.

మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం దాదాపు అదే కాలంలో సెక్షన్‌ను సమర్థించింది. దయ చూపాల్సిన చోట దయ చూపడానికి కోర్టులకు కావలసినంత అధికారం ఉందిగా అన్నది ఆ తీర్పులోని ధోరణి. పెద్దల మాట కాదనలేం గానీ, ఆ దయ తీర్పు రోజున దొరుకుతుంది. తీర్పు దాకా నడిచే దారిలో దొరకదు. మా చిన్నాయనకు జడ్జిగారు జైలు వేయలేదు, నిజమే. ఆ ఏడాదిన్నర వరండాను ఎవరూ శిక్ష కింద లెక్కగట్టలేదు.

1994లో పి.రథినం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం 309 రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అప్పటికే నలిగినవాణ్ని రెండోసారి శిక్షించడమేనని చెప్పింది. ఆ పిటిషనర్లలో రెండో ఆయన నాగభూషణ్ పట్నాయక్. శ్రీకాకుళ పోరాట రోజులు గుర్తున్నవాళ్లకు ఆ పేరు తెలుసు. ఉరిశిక్ష పడి, బయటపడిన మనిషి మీద చచ్చిపోబోయావని కేసు! తలచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. సర్కారు ఉరి తీస్తానంటే చట్టం, నువ్వే పోతానంటే నేరం.

రెండేళ్లు తిరక్కుండా, 1996లో జ్ఞాన్‌కౌర్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. జీవించే హక్కులో చచ్చే హక్కు కలిసి లేదు, కాబట్టి 309 చెల్లుతుందని. ఈ తీర్పును చూపించి 'చూశారా, సుప్రీంకోర్టే సరేనంది' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాజ్యాంగానికి విరుద్ధం కాదనడం వేరు, ఉండదగ్గ చట్టమనడం వేరు. రాజ్యాంగం అడ్డుపడని చెడ్డ చట్టాలు ఎన్ని లేవు! అది తేల్చాల్సింది పార్లమెంటు. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టే, ఈ సెక్షన్ తీసేయమని పార్లమెంటుకు సలహా ఇచ్చింది.

పార్లమెంటు కథ ఇంకా విచిత్రం. తీసేయమని లా కమిషన్ 1971లోనే చెప్పింది. 1978లో రాజ్యసభ సరేనని బిల్లు ప్యాస్ చేసింది. లోక్‌సభకు వచ్చేలోగా సభే రద్దయిపోయింది, బిల్లు మురిగిపోయింది. 1997లో అదే లా కమిషన్ ఉంచమంది. 2008లో మళ్లీ తీసేయమంది. చివరికి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి, 115వ సెక్షన్‌లో ఒక పక్కదారి తీసింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కాదని ఎవరైనా రుజువు చేస్తే తప్ప. అతని మీద విచారణ, శిక్ష ఉండకూడదు. అంతేకాదు, అతనికి వైద్యం, సంరక్షణ, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ఇది 2018లో అమల్లోకొచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం చేసిన 377ను చాలామటుకు, వివాహేతర సంబంధాన్ని నేరం చేసిన 497ను పూర్తిగా పక్కకు తోసింది. మనుషుల పడకగదుల్లోంచి, చావుబతుకుల మంచాల దగ్గరి నుంచి పోలీసు ఒకే ఏడాది రెండడుగులు వెనక్కి వేశాడు.

మిగిలిన తోక: 226

కొత్త న్యాయ సంహితలో 309 లేదు. కానీ 226 ఉంది. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయనీకుండా ఆపడానికో, ఏదైనా చేయించడానికో బలవంతపెట్టే ఉద్దేశంతో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ.

సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు ఎప్పుడైనా పోయారా? ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది గానీ, క్యూ మారదు. పాసుపుస్తకం కాలేదని ఒకడు, సర్వే నంబరు ఎవరి పేరు మీదో ఎక్కిందని ఇంకొకడు. ఆరోసారి, ఏడోసారి వచ్చినవాళ్లుంటారు. వాళ్లలో ఒకడు సీసా బయటికి తీస్తాడు. పోలీసులు లాక్కుంటారు. మర్నాడు పేపర్లో ఫోటో. చిత్రమేమిటంటే చాలాసార్లు ఆ తర్వాత పని అవుతుంది. అంటే ఆ మనిషికి ఆ దారి నేర్పింది ఎవరు?

226ను సమర్థించేవాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. తహసీల్దారును బెదిరించి అక్రమంగా పట్టా రాయించుకోవడానికి ఇదే ఎత్తు వేసేవాళ్లూ ఉంటారు. ఉద్యోగి కూడా మనిషే, ఆమె బల్ల ముందు ఒకడు ప్రాణం తీసుకుంటే ఆ భారం ఆమె జీవితాంతం మోయాలి. ఒప్పుకుంటాను. కానీ ఆఫీసులో పెట్రోలు చల్లి పక్కవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చేవాడికి, ఉద్యోగిని బెదిరించేవాడికి వేరే సెక్షన్లున్నాయి. అవి వాడొచ్చు. 226 పట్టుకునేది వాళ్లను మాత్రమే కాదు. సర్కారు మీద కోపంతో, సర్కారు ముందు చచ్చిపోబోయినవాణ్ని కూడా పట్టుకుంటుంది. ఇంట్లో ఒంటరిగా ప్రయత్నిస్తే రోగి, కలెక్టరాఫీసు మెట్ల మీద ప్రయత్నిస్తే నేరస్తుడు. ఒత్తిడి రెండు చోట్లా ఒకటే. తేడా ఒక్కటే, రెండో చోట సర్కారుకు పరువు పోతోంది. పరువు పోవడాన్ని హాని కింద లెక్కేయడం మొదలుపెడితే నేరాలకు గట్టు ఉండదు. 115వ సెక్షన్‌లోని ఆ ఊహ, అంటే ప్రయత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనుకోవడం, ఈ మెట్ల మీద కూడా మొదట వర్తించాలని నా వాదన.

దీక్షల మాటేమిటి మరి? 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయన చేసింది ప్రభుత్వాన్ని ఒక పని చేయమని ప్రాణంతో అడగడమే. ఆయన విగ్రహం లేని ఊరు కోస్తాలో, సీమలో వెతకాలి. మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల 2000 నుంచి 2016 దాకా దీక్ష చేస్తే, ఆమె మీద పెట్టింది 309. గరిష్ఠ శిక్ష ఏడాదే కాబట్టి ఏడాది తిరగ్గానే వదలడం, మళ్లీ పట్టుకోవడం, ముక్కులో గొట్టంతో ఆహారం ఎక్కించడం. నాకు బతుకంటే ప్రేమ, చావాలని లేదు, చట్టం మారాలని అడుగుతున్నానంతే అని ఆమె ప్రతిసారీ కోర్టుకు చెప్పుకుంటూ వచ్చింది. ఉపవాస దీక్షకు 226 వర్తిస్తుందా లేదా అన్నది సెక్షన్ తేల్చి చెప్పదు. తేల్చి చెప్పని చోట స్టేషనులో తేలుతుంది. నా భయం అదే.

అయితే నేరస్తుడెవరు?

'సరే, చావబోయినవాణ్ని వదిలేద్దాం, మరి తోసినవాణ్ని?' అని మా ఊరి అరుగు మీద అడిగారు. ఆత్మహత్యకు ప్రేరేపించడం పాత 306, కొత్త 108. పదేళ్ల దాకా జైలు. అసలు పనే నేరం కానప్పుడు ప్రేరేపించడం నేరమెలా అవుతుందని కొందరు లాయర్లు లాజిక్కు తీస్తారు. నాకు అందులో తికమక కనిపించదు. ప్రయత్నించినవాడు హాని చేసుకుంది తనకు, ప్రేరేపించినవాడు హాని చేసింది పక్కవాడికి. ఇంగ్లండు 1961లో ఇలాగే విడదీసింది.

అయితే తోసినవాడు ఎప్పుడూ ఒక మనిషి రూపంలో ఉండడు. మా దగ్గర అప్పు ఇచ్చేటప్పుడు ప్రామిసరీ నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకోవడం మామూలు. అప్పు తీరకపోతే దాంట్లో అంకె రాసి బ్యాంకులో వేస్తారు. చెక్కు తిరిగొస్తుంది. నోటీసు ఇచ్చి, పదిహేను రోజుల్లో కట్టకపోతే 138 కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, పేదరికానికి జైలు వేయకూడదని 1980లో జాలీ జార్జ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. 1989 నుంచి అమలైన 138 వ్యాపారులు చెక్కుల్ని నమ్మడానికని వచ్చింది. మా పల్లెల్లో అది అప్పును వెనక తలుపు గుండా నేరంగా మార్చే పనిముట్టయింది. చిన్నాయన భయపడింది 309కి కాదు, ఆ సెక్షన్ ఉందనే ఆయనకు తెలియదు. ఆయన్ను నిద్రపోనివ్వనిది సొరుగులో ఎవరి దగ్గరో ఉన్న రెండు చెక్కులు.

అలాగని వడ్డీకి ఇచ్చినవాళ్లందరినీ జైల్లో వేస్తే తీరుతుందా? 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల వేధింపుల మీద ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. బలవంతపు వసూళ్లను నేరం చేసింది. ఇంటి ముందు కూర్చుని ఆడవాళ్లను తిట్టడం ఆగింది, అది మంచిదే. కానీ ఆ సంస్థల అప్పు కూడా ఆగిపోయింది. బ్యాంకు ఇవ్వదు, అవసరం ఆగదు. జనం మళ్లీ పాత వడ్డీ వ్యాపారి గడపకే పోయారు. వేధించడాన్ని నేరం చేయొచ్చు, చేయాలి. అప్పు దొరికే చోటు లేకపోవడాన్ని ఏ సెక్షనూ తీర్చదు.

పోలీసు అక్కర్లేని పని ఇంకోటి ఉంది. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చింది. పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడింది. ఎవర్నీ జైల్లో వేయలేదు. అంగడి అరలోంచి కొన్ని డబ్బాలు తీసేశారు, అంతే. మన కేంద్రం కూడా 2018లో పద్దెనిమిది మందుల మీద నిషేధం ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని వెంటనే, కొన్ని 2020 ఆఖరుకు. ఇంకా తీయాల్సినవి అరల్లో ఉన్నాయి. నూటయాభై ఏళ్లకు పైగా సెక్షన్ నడిపినంత ఓపికగా ఈ పని నడిపి ఉంటే!

చదివేవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ఆపుతాను. ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఇలాంటిది జరిగితే, ఆసుపత్రిలో కడుపునొప్పి అని చెప్పకండి. ఏం లోపలికి పోయిందో ఉన్నదున్నట్టు చెప్పండి, డబ్బా ఉంటే పట్టుకుపోండి. ఆసుపత్రి పోలీసులకు కబురు పంపడం ఇప్పటికీ ఉంది, వాళ్లొచ్చి వివరం రాసుకుంటారు. ప్రయత్నించిన మనిషి మీద మాత్రం 309 కింద కేసు పెట్టడానికి ఇప్పుడు ఆ సెక్షనే లేదు. వైద్యం చేయడం సర్కారు బాధ్యత అని 2017 చట్టం 115వ సెక్షన్ రెండో భాగంలో ఉంది, అడగండి. మనసు బాగాలేనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూడా, 14416కి ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. మా గార్లదిన్నెలో ఒక పురుగుమందుల అంగడాయన ఈ నంబరు అట్టముక్క మీద రాసి గల్లాపెట్టె పక్కన వేలాడదీశాడు. 'ఎవరన్నా చేసినారా అన్నా?' అని అడిగితే, 'అంకె రాసుకొని పోయినోళ్లయితే ఉండారు' అన్నాడు.